మంచికొక డ్రైవు, చెడుకొక డ్రైవు

మొన్న పొద్దున టీ తాగుతూ ఫోను చూసుకుంటుంటే, అది తనంతట తానే నన్నొక మాట అడిగింది. ఇందులో ఒకే రకమైన ఫైళ్లు రెండేసి ఉన్నాయి, చోటు దండగ అవుతోంది, ఒకటి ఉంచి రెండోది తీసెయ్యమంటారా అని. మా అమ్మాయి భుజం మీంచి తొంగి చూసి, అవునని నొక్కితే సరిపోతుంది కదమ్మా, దానికింత ఆలోచనేమిటని తన పని మీద తాను పోయింది. నా వేలు మాత్రం అక్కడిదాకా పోయి, కాలిన పెనం తగిలినట్టు వెనక్కి వచ్చేసింది. ఆ పిల్లకి ఆ రోజులు గుర్తుండవు, అప్పుడు చిన్నది. క్యాసెట్ల కాలంలో పెరిగి, నడివయసులో కంప్యూటరు నెత్తిన పడ్డ నాలాంటి వాళ్లకైతే కొంచెం చెప్పినా అర్థమవుతుందనే ఇదంతా రాస్తున్నాను, అర్థమయ్యాక నాక్కూడా కాస్త చెప్పండి, ఎందుకంటే ఇన్నేళ్లయినా నాకింకా పూర్తిగా అర్థం కాలేదు.

మా ఆయనకి ఏన్కూరులో మైకు సెట్టు దుకాణం ఉండేది. పెళ్లయినా, పేరంటమైనా, ముత్యాలమ్మ పండగైనా, చివరికి ఎవరైనా పోయినా సరే, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ముందుగా గుర్తొచ్చేది ఆయనే. నేను కొత్తగూడెం దాన్ని, మా నాన్న బొగ్గు బావిలో పనిచేసేవాడు, గని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగాను, పెళ్లికి ముందు ఏం తోచక టైపు నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు గడిచాక, క్యాసెట్లకి కాలం చెల్లిందని అందరూ అంటుంటే, ఆయన కొత్తగూడెం పోయి ఒక కంప్యూటరు కొనుక్కొచ్చాడు. కొనడమైతే కొన్నాడు, దాని ముందు కూర్చోబెట్టడానికి మనిషి కావలసి వచ్చింది. నీకు టైపు వచ్చు కదా అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో పాటలన్నీ నా పాలపడ్డాయి.

అప్పటిదాకా ఉన్న క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడమంటే ఇప్పటి పిల్లలు అనుకునేంత తేలిక కాదు. టేప్‌రికార్డరు నుంచి కంప్యూటరుకి వైరు కలిపి, పాట మొదలుపెట్టి, అది ఎంతసేపు పాడితే అంతసేపూ కాచుకుని కూర్చోవాలి. పప్పు పొయ్యి మీద పెట్టి ఒక పాట, పిల్లకి జడ వేస్తూ ఒక పాట, ఇట్లా ఎక్కించేదాన్ని. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి రావాలి, నాకు ఓపిక లేని రోజు ఆ సగం పాటనే పాట అనుకుని వదిలేసేదాన్ని. వీటికి తోడు ఖమ్మం పోయినప్పుడల్లా ఆయన ఒక్కో సీడీలో సంచెడు పాటలు నింపుకుని తెచ్చేవాడు. చూస్తుండగానే ఆ డబ్బా నిండా పాటలే అయ్యాయి, ఏది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

దేవుడికి తెలిసిందో లేదో కానీ ఆయనకి మాత్రం తెలుసు. ఎందుకంటే ఆయన పాటల్ని సర్దించిన తీరున లోకంలో ఎవరూ సర్దరు. సినిమా పేరు, పాడినవాళ్ల పేరు ఆయనకి అక్కరలేదు, పాట ఏ పనికి వస్తుందన్నదే లెక్క. తలంబ్రాలకొక ఫోల్డరు, ఊరేగింపుకొకటి, బొడ్రాయి పండగకొకటి. భోజనాల ఫోల్డరులో మళ్లీ మొదటి బంతికి నిదానమైన పాటలు, చివరి బంతికి వడివడిగా సాగే పాటలు, ఎందుకయ్యా అంటే చివరి బంతిలో కూర్చున్నవాళ్లు ఆ దరువుకి తొందరగా తిని లేస్తారట, వంటవాళ్లు గిన్నెలు కడుక్కోవద్దా అనేవాడు. నేను నవ్వుకుంటూనే ఆయన చెప్పిన పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. అట్లా కొట్టీ కొట్టీ నాక్కూడా ఏ పాట విన్నా ఎవరు పాడారన్నది కాక, ఇది పాయసం వడ్డించేటప్పటిది కదా అని తోచడం మొదలైంది.

వీటన్నిటికంటే పెద్ద ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఆయనకి పని నేర్పిన పెద్దాయన క్యాసెట్లకి రెండు పెట్టెలు పెట్టేవాడట, మంచి పనులకొకటి, చావు పనులకొకటి. చావింట్లో మోగిన క్యాసెట్టు పెళ్లింటి గడప తొక్కకూడదు. రెండిటికీ పనికొచ్చే పాటలుంటే రెండు క్యాసెట్లు కొని ఒక్కో పెట్టెలో ఒక్కోటి పెట్టుకోవలసిందే. ఈయన ఆ పద్ధతిని కంప్యూటర్లోకి కూడా తెచ్చాడు. డి డ్రైవు మంచికి, ఇ డ్రైవు చెడుకి. రెండిట్లోనూ కావలసిన పాట ఉంటే నేను దాన్ని రెండు చోట్లా పెట్టాలి. పెళ్లికైతే కంప్యూటరునే దుప్పట్లో చుట్టి ట్రాలీ ఆటోలో వేసుకుని పోయేవాడు, చావుకైతే ఇ డ్రైవులోంచి సీడీ కొట్టించుకుని పోయి, ఆ సీడీ అక్కడే వదిలేసి, స్నానం చేసి గానీ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. రెండు డ్రైవులూ ఉన్నది ఒక్క డబ్బాలోనే కదా, దానికి అంటు అంటదా అని నేనొకసారి వేళాకోళం చేశాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"ఒక్క ఇంట్లనే దేవుని అర్ర ఉంటది, స్నానాల గది ఉంటది. రెండూ ఒకటేనా?"

మణుగూరు వైపు అడవిలో ఒక గూడేనికి పెళ్లికి పోయి వచ్చినప్పుడు మాత్రం ఆయనే కాస్త తికమకపడ్డాడు. వాళ్లు కాసేపు మైకు విని, సరదా తీరాక ఆపించేసి తమ డోళ్లు తెచ్చుకున్నారట. ఆ డోళ్లనే అంతకుముందు అదే ఊళ్లో ఒక చావు దగ్గర ఆయన చూసి ఉన్నాడు. డోలు అదే, వాయించేవాళ్లూ వాళ్లే, దెబ్బ ఒక్కటే వేరు. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకో అని అన్నం తింటూ అన్నాడు, చెయ్యి కడుక్కునేసరికి మళ్లీ మామూలే.

ఇంక అసలు సంగతికి వస్తాను. మా ఆయనకి ఒక అక్క, నాకు వదిన, దగ్గరి ఊళ్లోనే ఉండేది. వదిన భర్తని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. అన్నయ్య వ్యవసాయం చేసేవాడు, సంతకి వచ్చినప్పుడల్లా మా దుకాణంలో కూర్చుని ఒకే ఒక్క పాట పెట్టించుకుని వినేవాడు. పాతకాలపు పాట. ఎవరో ఇల్లు విడిచి పోతున్నారు, వెనక ఉన్నవాళ్లు వాకిట్లో నిలబడి చూస్తున్నారు, అంతే ఆ పాట. పోయేది ఎవరో, ఎక్కడికో ఎక్కడా చెప్పదు. అందుకనే అది అప్పగింతలకీ పెట్టేవాళ్లు, పాడె లేచేటప్పుడూ పెట్టేవాళ్లు. మా కంప్యూటర్లో అది డి లోనూ ఉంది, ఇ లోనూ ఉంది. అన్నయ్య వినేది ఎప్పుడూ డి లోదే. వాళ్లకి ఒక్కతే కూతురు, ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం. విన్న ప్రతిసారీ లేచి కండువా దులుపుకుంటూ ఒకటే మాట అనేవాడు.

"బామ్మర్దీ, నా బిడ్డను సాగనంపేనాడు ఇదే పెట్టాలె. మర్సిపోకు."

మా ఆయన తలూపేవాడు. ఆ పిల్లకి ఇంకా సంబంధాలు చూడటం మొదలుపెట్టకముందే అన్నయ్యకి కామెర్లు ముదిరాయి, దవాఖానాల చుట్టూ తిరిగినా మనిషి దక్కలేదు. ఆ రోజు మా ఆయన ఏడుస్తూనే వచ్చి నా చేత సీడీ కొట్టించుకున్నాడు, అందులో ఆ పాట కూడా ఉంది, ఇ డ్రైవులోది. మంచి దానికి వేలు కూడా తగలనివ్వలేదు. అది బిడ్డ అప్పగింతల కోసం దాచి ఉంచాడు.

తండ్రి పోయిన ఏడాదిలోపు ఆడపిల్ల పెళ్లి చేస్తే మంచిదని పెద్దవాళ్లు తొందరపెట్టి సంబంధం కుదిర్చారు. కన్యాదానం మేమిద్దరం చెయ్యాలని అనుకున్నారు. వదిన దేనికీ అడ్డు చెప్పలేదు. పెళ్లి మాటలప్పుడు గుమ్మం అవతలే కూర్చుంది, పసుపు దంచేటప్పుడు రోలు దగ్గరికి రాలేదు, ఎవరూ రావద్దని అనలేదు, ఆమె అంతట ఆమే రాలేదు. మేం కూడా అది మామూలే అన్నట్టు ఊరుకున్నాం. మా ఆయన ధ్యాసంతా ఒక్కదాని మీదే ఉండేది. బావకిచ్చిన మాట ఉంది, అప్పగింతల వేళకి ఆ పాట మోగాలి.

పెళ్లికి రెండు రోజుల ముందు మా తమ్ముడు వచ్చాడు. వాడిది మణుగూరులో ఉద్యోగం, కాలనీలో క్వార్టరు, జేబురుమాలు కూడా ఇస్త్రీ చేసుకునే మనిషి. అక్కాబావలు పెళ్లి పనుల్లో తలమునకలై ఉన్నారని చూసి ఊరికే కూర్చోవడం ఇష్టం లేక, మేం వదిన వాళ్ల ఊరికి పందిరి పనికి పోయి వచ్చేలోగా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వాడి కళ్లకి అదొక పశువుల కొట్టంలా కనబడి ఉంటుంది. చివరి బంతి అంటే ఏమిటో, ఒకే పాట రెండు డ్రైవుల్లో ఎందుకుందో వాడికెట్లా తెలుస్తుంది? తన వెంట తెచ్చుకున్న సీడీలోంచి ఏదో ప్రోగ్రాం ఎక్కించి, పాటలన్నిటినీ సినిమాల వారీగా, సంవత్సరాల వారీగా, పాడినవాళ్ల వారీగా సర్దేశాడు. రెండేసి ఉన్నవాటిలో ఒకటి తీసేశాడు. రెండు డ్రైవులూ కలిపి అన్నిటినీ ఒక్కచోటికి చేర్చాడు. సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతూ, సగం జాగా ఖాళీ అయింది చూడు బావా అన్నాడు.

ఆయన తెర వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ తెర వంక చూశాడు. తలంబ్రాలు లేవు. ఊరేగింపు లేదు. మొదటి బంతీ చివరి బంతీ ఎటు పోయాయో లేవు. పాడినవాళ్ల పేర్ల దగ్గర చూస్తే ఆ పాటలు ఏ ఇంటర్నెట్ సైట్లలోంచి దించినవో ఆ సైట్ల చిరునామాలే పాడినవాళ్లుగా ఉన్నాయి, నేను క్యాసెట్లోంచి ఎక్కించినవైతే పేరూ ఊరూ లేక, తెలియనివి అనే ఒక ఫోల్డరులో కుప్పగా పడి ఉన్నాయి. సొంత ఇంట్లో దారి తప్పిన మనిషిలా ఉన్నాడాయన. అయినా కోప్పడలేదు. వాటి సంగతి తర్వాత, ముందు ఆ పాట చూడరా అన్నాడు. తమ్ముడు ఆ కుప్పలో ఒక్కొక్కటే పెట్టి చూస్తూ పోయి చివరికి దొరకబట్టాడు. పాట మొదలైంది. ఆయన మొహంలో వెలుగు రాలేదు.

"గిది ఏదిరా? మంచి దాంట్లదా, చెడు దాంట్లదా?"

తమ్ముడికి ప్రశ్నే అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పాను. వాడు నవ్వబోయి, బావ మొహం చూసి ఆపుకున్నాడు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ప్రోగ్రామే చూసుకుందట, దాని ఇష్టం, తనకి తెలియదన్నాడు. తెలుసుకునే దారి కూడా లేదన్నాడు.

"రెండూ ఒకటే బావా. అక్షరం తేడా ఉండదు. ఏది ఉంటే ఏంది?"

"ఒకటే అయితే రెండెందుకు పెట్టిన?"

ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. నా బుర్ర అప్పటికే గిర్రున తిరుగుతోంది. చెడులో ఉన్న పాటని నేనే మంచిలోంచి తీసి పెట్టాను, అంటే అది మంచిదాని బిడ్డే కదా, బిడ్డకి అంటిన మైల తల్లికి అంటుతుందా? పోనీ ఉన్నదాన్ని ఇప్పుడు ఇంకోసారి కాపీ చేస్తే కొత్తది పుడుతుంది, అది ఏ చావింటికీ పోలేదు కదా, దాన్నే పెట్టొచ్చు కదా? ఈ ఉపాయం నాకే ఎంతో ముద్దొచ్చి పైకి చెప్పాను. అంటు ఉన్నదాన్ని ముట్టుకుంటే ముట్టుకున్నదానికీ అంటు తగిలినట్టే కదా అన్నాడాయన. నిజమే కదా అనిపించింది. తమ్ముడు, కంప్యూటర్లో పాట అంటే వట్టి అంకెలక్కా, అంకెలకి అంటు ఏమిటి అన్నాడు. అదీ నిజమే కదా అనిపించింది. ఆ పూట ఎవరు ఏది చెబితే అది నిజమనిపిస్తూ పోయి, చివరికి కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియని స్థితికి వచ్చాను.

మర్నాడు తెల్లవారుతూనే ఆయన మా తమ్ముణ్ణి బండి మీద ఎక్కించుకుని కొత్తగూడెం బయల్దేరాడు. మా క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కాక ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయాయి. పని నేర్పిన పెద్దాయన కొడుకు దగ్గర అక్కడే ఉంటున్నాడు, ఆయన మంచి పెట్టెలో ఆ పాట క్యాసెట్టు ఉండకపోదని ఆశ. అక్కడ జరిగింది నాకు తమ్ముడు తర్వాత చెప్పాడు. పెద్దాయన వీళ్లని పెరట్లోకి తీసుకుపోయి జొన్న మడి చూపించాడట. మడి మీద ఈ కొసనుంచి ఆ కొసకి క్యాసెట్ల రీలు లాగి కట్టి ఉంది, గాలికి అది జుయ్యిమని మోగుతుంటే చిలకలు వాలవని. రెండు పెట్టెలదీ కలిపే కట్టేశారు. మా ఆయన ఆ మెరిసే రీళ్ల కింద నిలబడి, తాను వచ్చిన పని చెప్పుకుని, ఇప్పుడు ఏం చెయ్యమంటావని అడిగాడు. పెద్దాయన చాలా తేలిగ్గా చెప్పేశాడట.

"పెట్టె చూసి బెదిరేటోళ్లు ఉంటరని రెండు పెట్టినరా. పాటదేమున్నది?"

అట్లా చెప్పకుండా ఉన్నా బాగుండేది. ఆ రెండు పెట్టెల పద్ధతిని ఈయన ఎంత నిష్ఠగా పాటించాడో నాకు తెలుసు, నేర్పినాయనకే అందులో నమ్మకం లేదని తెలిశాక కూడా ఈయన మాత్రం మానలేకపోయాడు. దారిలో కొత్తగూడెం బజారులో రెండు మూడు దుకాణాలు తిరిగాడు. క్యాసెట్లు ఎక్కడా లేవు, కావాలంటే కంప్యూటర్లోంచి ఎక్కించి ఇస్తామన్నారు. ఆ కంప్యూటర్లోకి పాట ఎక్కడినుంచి వచ్చిందని ఈయన అడిగితే వాళ్లు ఎగాదిగా చూశారట. ఆయన తిరిగొచ్చాక కంప్యూటరు దుప్పట్లో చుట్టుకుని, పాటలన్నీ వాడికే తెలుసు కనక తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని, వదిన వాళ్ల ఊరికి పోయాం.

పెళ్లి పగటి ముహూర్తం. మేమిద్దరం పీటల మీద ఉన్నాం, మైకు తమ్ముడి చేతిలో ఉంది. పంతులుగారు మంత్రం చెబుతుంటే మా ఆయన పెదవులు అటు కదుపుతున్నాడు కానీ చెవులు సౌండు బాక్సు దగ్గరే ఉన్నాయి. తలంబ్రాలప్పుడు తమ్ముడు ఏదో భోజనాల పాట పెట్టాడు, ఆయన పంచె సర్దుకుంటూ చేత్తో సైగలు చేస్తే వాడు అర్థం కాక సౌండు పెంచాడు. నేను నవ్వాపుకోలేక పక్కకి తిరిగితే, పెరటి గది కిటికీలో వదిన కనబడింది. విస్తరాకుల కట్టలు, లడ్డూల బుట్టలు పెట్టిన గది అది. బుట్టలకి కాపలా ఉన్నట్టుగా కూర్చుంది. కూతురు తలంబ్రాలు పోస్తుంటే మెడ సాచి చూస్తోంది, ఎవరైనా తనవైపు తిరిగితే మెడ వెనక్కి తీసుకుంటోంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. పందిట్లో అంతమందిమి ఉన్నాం, ఒక్కరికి కూడా ఆమెను పిలవాలని తోచలేదు, నాతో సహా.

భోజనాలయ్యాయి. మగపెళ్లివారి వ్యాను వాకిట్లోకి వచ్చింది. అప్పగింతలకి నేను గిన్నెలో పాలు పట్టుకుని నిలబడ్డాను, ఆ పాలలో పెళ్లికూతురి చేతులు తడిపి అత్తమామల చేతుల్లో పెట్టాలి. పిల్ల అప్పటికే నాన్నని తలుచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. మా ఆయన వచ్చి తమ్ముణ్ణి లేపి కంప్యూటరు ముందు తాను కూర్చున్నాడు. పాట తెర మీద కనబడుతోంది, నొక్కడమే తరువాయి. ఆయన నొక్కడం లేదు. బావకిచ్చిన మాట ఒక పక్కన, ఇప్పుడే తాళి కట్టించుకున్న మేనకోడలి మీదికి చావింటి పాట వదులుతున్నానేమో అన్న భయం ఇంకో పక్కన. జనం నిలబడి చూస్తున్నారు. ఎవరో మైకు పాడైందా అని అడిగారు. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, నాకు తెలుస్తలేదు, అక్కను అడిగిరా, అక్క ఎట్లంటే అట్ల అన్నాడు.

పాలగిన్నెతోనే పెరటి గదికి పోయాను. వదిన పక్కన కూర్చుని, పాట రెండు చోట్ల ఉండటం, తమ్ముడు ఒకటి తీసెయ్యడం, మిగిలింది ఏదో తెలియకపోవడం అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అంతా విని లేచి, కొంగు సర్దుకుని, నా ముందు నడిచింది. గది దాటింది, వసారా దాటింది, పందిట్లోకి వచ్చి మా ఆయన ఎదురుగా నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"తమ్మీ, మీ బావ పోయిన్నాడు ఆ పాట ఆడ ఉన్నది. నేను గూడ ఆడనే ఉన్న. దాన్ని చెడు దాంట్ల పెట్టినవు సరే. మరి నన్ను ఏ దాంట్ల పెట్టినవురా?"

మా ఆయన అక్క మొహంలోకి చూసి తల దించుకున్నాడు. తల దించుకునే చెయ్యి చాచి మీట నొక్కాడు. పాట మొదలైంది. అది మంచిదో చెడ్డదో, ఇల్లు విడిచి పోయేవాళ్లనూ, వాకిట్లో నిలబడ్డవాళ్లనూ ఎప్పటిలాగే పాడుతూ పోయింది. నాకేమనిపించిందో ఏమో, చేతిలో ఉన్న పాలగిన్నె వదిన చేతిలో పెట్టేశాను. మగపెళ్లివారిలో ఒక ముసలావిడ పక్కావిడతో ఏదో గొణిగింది. పెళ్లికొడుకు తల్లి ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత రెండు చేతులూ ముందుకి చాచింది. వదిన కూతురి చేతులు పాలలో తడిపి ఆ చేతుల్లో పెట్టింది. తల్లీకూతుళ్లిద్దరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను, మా తమ్ముడు ఇస్త్రీ జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన రెండు డ్రైవులూ మళ్లీ వేరు చెయ్యమని నన్ను అడగలేదు. తమ్ముడు సర్దినట్టే ఉంచమనీ అనలేదు. అట్లా సగం సర్దినవీ సగం సర్దనివీగా ఆ పాటలు కొన్నేళ్లు ఉన్నాయి. తర్వాత హార్డుడిస్కు పాడైంది, అప్పటికే జనం జేబుల్లోకి మెమరీ కార్డులు వచ్చేశాయి, మా దుకాణం మూతపడింది. ఈ మధ్య మా వైపు పెళ్లిళ్లలో భర్త పోయిన తల్లులు కూడా పట్టుచీరలు కట్టుకుని పీటల దగ్గరే నిలబడుతున్నారు, అందరూ కాదు, కొందరైనా. చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది, ఆ వెంటనే కిటికీలోంచి సాచిన మెడ ఒకటి కళ్ల ముందు మెదులుతుంది.

నిరుడు వదిన పోయింది. సౌండు పెట్టడానికి వచ్చిన పిల్లలు, ఏ పాటలు పెట్టమంటారని ఆయన్నే అడిగారు. ఆయన తలంబ్రాల పాట దగ్గర్నుంచి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత ఊరేగింపుది, మొదటి బంతిది, చివరి బంతిది, ఆ మేనకోడలి పెళ్లిలో తాను పీటల మీద కూర్చుని పెట్టించలేకపోయినవన్నీ వరస తప్పకుండా. వచ్చినవాళ్లు ఇదేం చోద్యమని మొహమొహాలు చూసుకున్నారు. మేనకోడలు మాత్రం తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఆ పాటలు మొదటినుంచి చివరిదాకా వింది. నన్ను ఏ దాంట్ల పెట్టినవని అక్క ఆనాడు అడిగినదానికి ఆయన జవాబు ఇదేనేమో, నాకు తెలియదు.

ఆ పిల్లలు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఆయన చెప్పిన ప్రతి పాటనూ ఇట్టే తెప్పించారు. పప్పు పొయ్యి మీద పెట్టి, కరెంటు పోతుందేమోనని గుండె చిక్కబట్టుకుని, ఏళ్ల తరబడి నేను పోగేసినవన్నీ మాట నోట్లోంచి రాకముందే వచ్చేస్తున్నాయి. ఇది ఇంతకుముందు ఎవరింట్లో మోగిందో వాళ్లకి తెలియదు, తెలుసుకోవాలని కూడా తోచదు, ఆ పాటతోనే సాయంత్రం ఇంకో ఊళ్లో పెళ్లికి పోతారు. అంతేలే, అదే నయం అనుకుంటాను. మరుక్షణమే, ఒక్క పాట కోసం ఒక మనిషి రోజంతా ఊళ్లు పట్టుకుని తిరగడం ఇక నేను చూడను కదా అని దిగులేస్తుంది. ఈ రెండిట్లో ఏది సరైన మాటో తేల్చుకోలేకపోతున్నాను, ఫోను అడిగినదానికీ ఇంకా ఏమీ నొక్కలేదు.